వేటకుక్కకు మొలతాడు

ఆమె పోయిందని ఫోను వచ్చినప్పుడు నా కుడిచెయ్యి మోచేతి పైదాకా ఒక గేదె లోపల ఉంది. నాదెండ్ల దగ్గర పల్లెలో, ఒక కొట్టం ముందు నిలబడి అది చూడి కట్టిందో లేదో చూస్తున్నాను. గేదెగల రైతు నా చొక్కా జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టాడు. అవతల ఆమె కోడలు. "అన్నా, మా అత్త పోయింది. తెల్లారుజామున. కష్టపడలేదులే" అంది. నేనేదో అన్నాను. చెయ్యి కడుక్కుని, నాలుగో నెల అని రైతుకు చెప్పి, బండి దగ్గరికి వచ్చాను. ఆమె ఉంటే ముందు అడిగేది గేదె సంగతే. "సరిగ్గా చూసి చెప్పావా, వాడి మొహం చూసి చెప్పావా?" అనేది.

పశువుల శాఖలో నాది చిన్న ఉద్యోగం. సూదులు వెయ్యడం, ఎదకొచ్చిన గేదెలకు చూడి ఇంజెక్షను చెయ్యడం, చెవులకు ట్యాగులు గుచ్చడం, అవన్నీ రిజిస్టరులో రాయడం. ఊళ్ళలో అందరూ డాక్టరనే పిలుస్తారు. కాదని నేనెప్పుడూ అనలేదు. మొదటి పోస్టింగు రెంటచింతల పక్కన పల్లెలో పడింది. ఆ ఊళ్ళో నన్ను డాక్టరని పిలవని మనిషి ఆమె ఒక్కతే. "సూదులాయనా" అనేది. మా పై ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజు కూడా, ఆయన ముందే, అదే పిలుపు.

అరవైకి దగ్గర వయసు. చీర మీద మగవాళ్ళ చొక్కా. మిరపచేలోకి వెళ్ళే ఆడవాళ్ళు అందరూ వేసుకునేదే, కానీ ఆమె ఇంట్లో కూడా దాన్ని విప్పేది కాదు. జేబులున్న బట్ట వదులుకోవడం ఎందుకనేది. ఒక జేబులో ఆకూ వక్కా, ఇంకో జేబులో చిన్న ఆముదం సీసా. ఆముదం తనకు కాదు, కుక్క పాదాలకు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, కుక్క కాలు ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ సందుల్లో ముల్లు ఉందేమో తడిమి, ఆముదం రాసేది. అప్పుడు ఎవరు పలకరించినా తల ఎత్తేది కాదు. ఊరి సర్పంచి ఒకసారి ఏదో సంతకం కోసం వచ్చి, నాలుగు కాళ్ళూ అయ్యేదాకా నిలబడి వెళ్ళాడు.

ఆ కుక్క ముధోల్ జాతిది. ఆమె భర్త బతికి ఉన్న రోజుల్లో కర్ణాటక వైపు నుంచి తెచ్చిన జంటకు మనవరాలో మునిమనవరాలో. పొడుగు మూతి, లోతైన రొమ్ము, పిడికిట్లో పట్టేటంత నడుము. పేరు తూనీగ. మొరగదు. కొత్తవాళ్ళను చూస్తే తల తిప్పుకుంటుంది. ఎప్పుడూ దూరంగా, మనకు కనపడనిదేదో చూస్తూ ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు కుక్క అంటే ఆమె ఏమీ అనేది కాదు గానీ, తను మాత్రం "పిల్ల" అనేది. "పిల్ల పడుకుంది, గట్టిగా మాట్టాడబాకండి."

భర్త ఆ జంటతో చెవులపిల్లుల్ని కొట్టేవాడట. ఆయన పోయాక ఆమె వేట మానిపించింది. అడవి శాఖవాళ్ళ భయం కొంత, మనసొప్పక కొంత. కుక్కను మాత్రం మానలేదు. వేట లేనప్పుడు వేటకుక్క ఎందుకని నేనే ఒకసారి అడిగాను, కొత్తలో, తెలివి చూపిద్దామని.

"వేట మానింది మనం. దాని కాళ్ళకి ఎవురు చెప్పారు?" అంది.

అందుకని ఆ కాళ్ళకు ఆమె వేరే ఏర్పాటు చేసింది. తెల్లవారగానే మోపెడ్ తీసేది. వెనక సీటుకు పొడుగాటి తాడు, తాడు చివర పాత ఎర్రచీర పేలిక. సాగర్ కాలువ కట్ట ఎక్కి బండి వదిలేది. ఎర్రపేలిక మట్టిలో ఎగురుతూ పోతుంటే దాని వెనక తూనీగ. చొక్కా వేసుకున్న ముసలామె ముందు, బాణంలా సాగిపోయే కుక్క వెనక. బండికి ఉన్న ఒక్క అద్దాన్నీ రోడ్డు చూడ్డానికి కాకుండా కుక్కను చూసుకోడానికి తిప్పి పెట్టుకుంది. ఎదురొచ్చేవాళ్ళే జాగ్రత్తగా తప్పుకునేవాళ్ళు. పరుగయ్యాక బండి ఆపి, కాలువలో గోనెసంచి తడిపి దాని వీపున వేసి, నడిపించుకుంటూ వచ్చేది. ఎండ ముదిరితే తారు రోడ్డు దాటే ముందు ఆగి, అరచెయ్యి తిరగేసి రోడ్డు మీద ఆనించి చూసేది. తన చెయ్యి పదంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకుంటేనే కుక్క అడుగు పెట్టాలి.

నాకు ఆమెతో పరిచయం అయింది రేబిస్ సూది దగ్గర. కుక్కను మా పశువైద్య కేంద్రానికి తెచ్చింది. దాని పక్కటెముకలు బయటికి కనబడుతున్నాయి. సూది వేసి, రిజిస్టరులో 'బలహీనంగా ఉంది' అని రాశాను. ఆమె నిలబడే ఉంది.

"ఏం రాశావ్?"

చెప్పాను.

"కొట్టెయ్."

"అది కాదమ్మా, ఎముకలు..."

నా చెయ్యి పట్టుకుని కుక్క పక్క మీద పెట్టింది. "కళ్ళతో కాదు, చేత్తో చూడు. కింద కండ ఎట్టా ఉంది? బండలాగా ఉందా లేదా? వెనకమాల మూడు ఎముకలు కనబడాల. తుంటి రెండూ కనబడాల. అవి కనబడకపోతే అప్పుడు రాయి, నా సంతకం గూడా పెడతా." తర్వాత నన్ను కింద నుంచి పైకి చూసి, నా పొట్ట దగ్గర చూపు ఆపింది. "నువ్వు బలంగానే ఉన్నావులే" అని వెళ్ళిపోయింది. కేంద్రంలో ఉన్న రైతులు నవ్వారు. నేను రిజిస్టరులో గీత కొట్టాను.

ఆ ఊళ్ళో ఆమె చూపుకు ఉన్న పేరు నాకు తర్వాత తెలిసింది. గొర్రెపోతు కొనేముందు ఆమెను సంతకు తీసుకెళ్ళేవాళ్ళు. ఆవు ఏ రోజు ఈనుతుందో నా చార్టు చూసి నేను చెబితే, మనుషులు నా ఎదుటే "పెద్దమ్మని గూడా ఒకమాట అడుగుదాం" అనేవాళ్ళు. ఆమె వచ్చి, పశువు నడుం మీద రెండుసార్లు తట్టి, "ఆదివారం" అనేది. ఆదివారమే ఈనేది. "ఆమె అందాజు తప్పదు" అన్నది ఆ ఊరి మాట. ఆమెకూ ఆ మాటంటే ఇష్టమే. అణకువ నటించే రకం కాదు. ఎవరైనా పొగిడితే "అవును మరి" అనేది.

అడవిపందులు మిరపతోటల మీద పడుతున్న రోజుల్లో, ఒక పెద్ద రైతు, ఊళ్ళో రాజకీయం చేసేవాడు, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పంది మీదకు తూనీగను పంపమన్నాడు.

"అత్తా, ఊరికోసం అడుగుతున్నా. చానా నష్టం చేస్తన్నయ్."

"పంది కోరలు చూశావా?"

"చూశా."

"నా పిల్ల తోలు చూశావా? కాయితం అంత ఉంటది. నీ తోలు మందం గదా, ముందు నువ్వు పో. నువ్వు తిరిగొస్తే అప్పుడు మాట్టాడదాం."

వెంట వచ్చినవాళ్ళే ముందు నవ్వారు. చివరికి ఆయనా నవ్వక తప్పలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెప్పాలి. నా అద్దె గది ఆమె ఇంటి వెనకే. మధ్యలో పడిపోయిన మొండిగోడ. కుక్కకు ఆమె పెట్టే తిండి రోజుకు ఒక్కసారి, సాయంత్రం. సజ్జసంకటి, మజ్జిగ, ఉడకబెట్టిన కోడికాళ్ళు, రెండు గుడ్లు. కొలత ఒక పాత ఇత్తడి గిన్నె. ఆ గిన్నె దాటి ఒక ముద్ద ఎక్కువ ఉండదు. మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే తూనీగ గోడ మీదుగా ఒక్క గంతు వేసి వచ్చి, నా గుమ్మం ముందు నిలబడేది. అడగదు. తోక ఊపదు. ఆ ఎముకలతో, ఆ కళ్ళతో నిలబడి ఎటో చూసేది. కండ బండలా ఉందని నా చేతికి తెలుసు. నా కళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. ఒకరోజు పెరుగన్నం పెట్టాను. మర్నాడు అందులో గుడ్డు. ఆదివారం పిడుగురాళ్ళ నుంచి బిర్యానీ తెచ్చుకుంటే సగం దానికే.

రెండు నెలలు ఇలా సాగింది. ఆమెకు తెలియలేదు. మిరపకోతల కాలం. తెల్లవారుతూనే కూలీలతో చేలోకి వెళ్ళిపోయేది, కాయ ఎండబెట్టిన కల్లం దగ్గరే కాపలా పడుకునేది. ఇంటికి వస్తే బట్టలు మార్చుకోవడానికే. పరుగులు ఆగిపోయాయి. కుక్క పని కోడలు చూసేది, గిన్నె కొలత తప్పకుండా పెట్టేది. పైగా ఆ ఏడు ఆమె కళ్ళలో పొర మొదలైంది. కోతలయ్యాక నరసరావుపేట వెళ్ళి ఆపరేషను చేయించుకుంటానంటూ వాయిదా వేస్తోంది.

తూనీగ నడుముకు, వెనక కాళ్ళ ముందు సన్నబడే చోట, ఒక నల్ల మొలతాడు ఉండేది. మన పిల్లలకు కట్టేదే. దిష్టికి కట్టారనుకున్నాను. మార్చి నెలాఖరున చూస్తే ఆ తాడు బిగిసి తోలులోకి దిగుతోంది. పుండు పడుతుందని భయం వేసింది. ఆమెకు చెబితే తాడు ఎందుకు బిగిసిందని అడుగుతుంది. కొట్లో కొత్త మొలతాడు కొని, పాతది కత్తెరతో కోసి, కొత్తది వదులుగా కట్టాను. పశువుల పనివాడిగా సరైన పనే చేశాననుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో కోతలు అయిపోయాయి. ఆ మర్నాడు పొద్దున ఆమె మోపెడ్ చప్పుడు విని నేను నిద్ర లేచాను. గంట గడిచాక అదే బండి హారను ఆగకుండా మోగుతూ మా సందులోకి వచ్చింది. బయటికి పరుగెత్తాను. బండి ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, తూనీగ గుడ్డపేలికలా పడి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది, రంగు ఇటుక ఎరుపు. ఊపిరి గాలి కొట్టే పంపులా ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు.

"కట్ట చివరికి పోతా పోతా పడిపోయింది. సగం దూరం గూడా కాలా" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది.

వేపచెట్టు కింద పడుకోబెట్టాం. థర్మామీటరు పెడితే నూట ఎనిమిది. ఎవరో మంచుగడ్డ తెస్తామన్నారు. "గడ్డ వద్దు, నీళ్ళు చాలు" అని ఆమే ఆపింది. తడి గోనెలు పొట్ట కింద, తొడల మధ్య పెట్టి, కోడలు ఫ్యాను తెచ్చి పెడితే, నేను సెలైను ఎక్కించడానికి ముందుకాలు పట్టుకున్నాను. నరం దొరకడం లేదు. ఆమె కుక్క పక్కన కూర్చుని, అలవాటుగా, దాని నడుం దగ్గర మొలతాడు కిందకి రెండు వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళు ముడి దగ్గర ఆగాయి. ముడిని తడిమింది. మళ్ళీ తడిమింది. తల ఎత్తి నా వైపు చూసింది.

"సూది సరిగ్గా పెట్టు" అంది. అంతే.

నరం దొరికింది. ఎలా దొరికిందో నాకిప్పటికీ తెలియదు. రెండు సీసాలు ఎక్కేసరికి జ్వరం నూట మూడుకు దిగింది. ఎండ నడినెత్తికి వచ్చాక తూనీగ తల ఎత్తి, ఎప్పట్లాగే దూరంగా ఎటో చూసింది. నేను నేలమీద కూలబడి ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

కోడలు లోపలికి వెళ్ళాక ఆమె అడిగింది. "ఎన్నాళ్ళ నించి?"

"రెండు నెలల నుంచి."

"ఏం పెట్టావ్?"

"పెరుగన్నం. గుడ్డు. ఆదివారం..." ఆగాను.

"ఆదివారం?"

"బిర్యానీ."

"బిర్యానీ!" అంది. ఆ మాటను ఆమె పలికినట్టు, హత్య అనే మాటను కూడా ఎవరూ పలకరు.

అప్పుడు చెప్పింది మొలతాడు సంగతి. దిష్టికి కాదు. పిల్ల ఒళ్ళు చేస్తే తాడు బిగుస్తుంది, గిన్నెలో తగ్గించాలి. చిక్కితే తాడు జారుతుంది, పెంచాలి. రెండు వేళ్ళు సరిగ్గా దూరితే అది పరుగుకు సిద్ధం. మామగారి కాలం నుంచీ వాళ్ళ ఇంట్లో వేటకుక్కలకు అదే కొలత. ఆ పొద్దున పొర కమ్మిన కళ్ళను నమ్మకుండా వేళ్ళను నమ్మింది. రెండు వేళ్ళూ చక్కగా దూరాయి. నేను కట్టిన తాడులోకి.

"జాలి పడితే పడు, అబ్బయ్యా. అడిగి పడు" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఈలోగా సంగతి విన్న జనం గుమ్మం దగ్గర చేరారు. పంది వేటకు అడగవచ్చిన పెద్ద రైతు కూడా ఉన్నాడు. "ఏమైంది అత్తా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆమె చెప్పింది. "నా అందాజు తప్పింది. కోతల్లో కూచోబెట్టి, ఒక్కసారే ఎక్కువ దూరం తోలా."

"నీ అందాజు గూడా తప్పుద్దా?"

"తప్పింది గదా, కనబళ్ళా?"

అతను నవ్వాడు. అందరూ నవ్వారు. నేను ఖాళీ సెలైను సీసా పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు, నేనేనని. ఆ మాట రాలేదు.

సాయంత్రం అడిగాను, ఎందుకలా చెప్పారని. పాదాలకు ఆముదం రాస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "నువ్వు కొత్తోడివి. పచ్చి పుండు మీద ఈగలాగా ఆ మాట నీ మీద వాలిందంటే రేపు ఒక్క గేదెని గూడా నీ దగ్గరికి తోలుకురారు. వాటికి సూదులెవురేస్తారు? నా పేరుకేం, చానా ఏళ్ళు వాడుకున్నా."

కానీ ఆ పేరు నిజంగానే పోయింది. పల్లెలో ఒక నవ్వు పుడితే ఊరకనే చావదు. ఎవరితో మాటపట్టింపు వచ్చినా "నీ కుక్కనే పడగొట్టుకున్నావ్, మాకు చెప్తావా?" అనేవాళ్ళు. సంతకు పిలవడం తగ్గించారు. ఒకసారి ఒక రైతు, కొత్త గేదె దగ్గర, నేను చెప్పిన తేదీ విని "డాక్టరు చెప్పాక ఇంకెవుర్ని అడిగేది" అన్నాడు. ఆమె అప్పుడే అటుగా మోపెడ్ మీద వెళుతోంది. వినే ఉంటుంది. హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ గేదె నేను చెప్పిన రోజున ఈనలేదు.

చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. రేపు చెబుదాం, ఈ టీకాల పని అయ్యాక చెబుదాం. మాట వాయిదా పడేకొద్దీ బరువెక్కుతుందని నాకప్పుడు తెలియదు. రెండేళ్ళ తర్వాత బదిలీ అయింది. వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళాను. ఆమె కళ్ళ ఆపరేషను అయిపోయింది. మందపాటి అద్దాల్లోంచి నా పొట్ట చూసి, "తగ్గింది. పర్లేదు" అంది. ఇంకేదైనా అంటానేమోనని కాసేపు ఆగింది. నేను దండం పెట్టి వచ్చేశాను.

ఆమె పోయిన పదకొండో రోజున వెళ్ళాను. వాకిట్లో షామియానా. తూనీగ ముసలిదైంది, మూతి తెల్లబడింది. అయినా వెనక మూడు ఎముకలూ లెక్కపెట్టేలా కనబడుతూ బొంత మీద పడుకుని ఉంది. పొద్దున్నే కోడలు మోపెడ్ మీద తిప్పుకొస్తోందట. మగవాళ్ళ బంతిలో కూర్చున్నాను. ఎదురుగా ఆ పెద్ద రైతు. ఆమె మొండితనం గురించి, పంది కోరల గురించి చెప్పి నవ్వించాడు. అందరూ ప్రేమగానే నవ్వారు. చివర్లో, "ఎంత చెప్పు, పెద్దతనంలో అందాజు తప్పింది పాపం. ఎండలో ఆ కుక్కని..." అన్నాడు.

నేను విస్తరి ముందు నుంచి లేచాను.

"ఆమె అందాజు తప్పలేదు. కుక్కకి రెండు నెలలు దొంగతనంగా తిండి పెట్టింది నేను. మొలతాడు కోసి వదులుగా కట్టింది నేను. ఆమె నన్ను కాపాడింది. నేను నోరు మూసుకున్నాను."

గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వంటవాళ్ళు కూడా ఆగారు. పెద్ద రైతు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "ఇన్నాళ్ళూ ఆమెని ఎన్ని మాటలన్నాం గదయ్యా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు భయం వెయ్యలేదు. ఆ ఊళ్ళో నేను తల ఎత్తుకుని నిలబడింది ఆ ఒక్కసారే అనిపించింది.

పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న కోడలు నా దగ్గరికి వచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు.

"మాకు తెలుసన్నా. ఆ రోజే చెప్పింది. మా ఆయన నీ మీదికి రాబోతే ఒట్టు పెట్టించుకుంది. ఎవురూ ఏమీ అనబాకండి, ఆ పిల్లోడు మంచోడు, నెల తిరక్కుండా వాడే వచ్చి నలుగుర్లో చెప్తాడు, చూడండి అంది. కూచో, అన్నం తిను."

నెల అంది ఆమె. నాకు నాలుగేళ్ళు పట్టింది.